ఋణమా, బాకీయా? హిమానీనదాల క్షయం – సామాన్యుల దైనందిన కార్యాచరణ: ఒక నైతిక విచారణ

ప్రస్తావన

ఐస్‌లాండ్‌లో ‘ఓక్’ అనే పర్వతం మీద ఒక హిమానీనదం ఉండేది. తన బరువుతో తాను కదలడానికి కావలసిన మందాన్ని అది కోల్పోయిందని, ఇక దానిని హిమానీనదంగా పరిగణించడానికి వీలులేదని 2014లో శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. 2019 ఆగస్టు 18న ఆ స్థలంలో ఒక లోహ ఫలకాన్ని ప్రతిష్ఠించారు. రచయిత ఆండ్రి స్నైర్ మాగ్నాసన్ కూర్చిన ఆ ఫలక పాఠం రాబోయే తరాన్ని సంబోధిస్తుంది. జరుగుతున్నదేమిటో, చేయవలసినదేమిటో ఈ తరానికి తెలుసునన్న అంగీకారం దాని సారాంశం. శాసనాలు సాధారణంగా చేసిన దానాన్నో, తవ్వించిన చెరువునో, గెలిచిన యుద్ధాన్నో నమోదు చేస్తాయి. ఓక్ మీది ఫలకం మాత్రం ఇంకా చేయని పనిని నమోదు చేసిన శాసనం.

తెలిసి ఉండడం బాధ్యతను కలిగిస్తుందన్నది నీతిశాస్త్రంలో పాత మాటే. అయితే తెలిసినవారందరి చేతిలో శక్తి సమానంగా ఉండదు. హిమానీనదాల క్షయాన్ని అందరికంటె ముందుగా, అందరికంటె స్పష్టంగా తెలుసుకున్నవారు వాటి నీడలో సేద్యం చేసుకునే పల్లెవాసులు. ఆ క్షయానికి కారణమైన వాయువుల్లో వారి వాటా అత్యల్పం. దానిని ఆపగల శక్తి వారికి దాదాపు లేదు. అయినా ఏటా చలికాలంలో ఏదో ఒక పని చేస్తున్నవారు వారే. తన వల్ల కరగని మంచును, తాను నిలబెట్టలేని మంచును కాపాడడానికి సామాన్యుడు చేసే చిన్న పనికి నైతికంగా ఏ విలువ ఉంది? ఆ విలువను లోకం ఏ మాటల్లో గుర్తించాలి? ఈ రెండు ప్రశ్నలను లద్దాఖ్ అనుభవం ఆధారంగా, తెలుగులోని ‘ఋణం’, ‘బాకీ’ అనే రెండు మాటల అర్థభేదం సాయంతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గోదావరి, కృష్ణ హిమానీనదాల నుంచి పుట్టిన నదులు కావు. అందువల్ల ఈ విషయం తెలుగు నేలకు దూరమైనదిగా కనిపించవచ్చు. కాని 2000 నుంచి 2023 వరకు ప్రపంచంలోని హిమానీనదాలు ఏటా సగటున 27,300 కోట్ల టన్నుల మంచును కోల్పోయాయని 2025లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. ఆ నీరు చివరకు చేరేది సముద్రానికే. పెరిగే సముద్రమట్టానికి పల్లపు డెల్టాలు లోబడక తప్పదు. భౌగోళికమైన ఈ సంబంధం కంటె భావనాత్మకమైన సంబంధం మరింత ముఖ్యం. నీటిని నిలవచేయడాన్ని ధర్మంగా భావించిన దీర్ఘ సంప్రదాయం తెలుగు నేలకు ఉంది.

లద్దాఖ్: నీటి కొరత, మంచు నిల్వలు

సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉన్న లేహ్‌లో ఏడాదికి కురిసే వాన, మంచు కలిపి దాదాపు 100 మిల్లీమీటర్లు. అక్కడి సేద్యానికి ఆధారం వాన కాదు, కొండల మీది మంచు. పంట ఏడాదికి ఒక్కటే. బార్లీ, గోధుమ, బఠాణీ విత్తనాలు ఏప్రిల్, మే నెలల్లో పడాలి. ఎంతో ఎత్తున ఉన్న హిమానీనదాలు బాగా కరిగి నీరు దిగేది జూన్ తరువాతనే. విత్తే నాటికి నీరు చాలదు, చలికాలమంతా వాగులో నీరు ఎవరికీ ఉపయోగపడకుండా పారిపోతుంది. ఈ ఎడం పూర్వం నుంచీ ఉన్నదే. హిమానీనదాలు వెనుకకు జరిగి, చలికాలపు మంచు తగ్గినకొద్దీ అది భరించరానిదవుతున్నది. హిందూకుష్ హిమాలయ ప్రాంతంలో 2011–2020 దశాబ్దంలో హిమానీనదాల క్షయం అంతకు ముందు దశాబ్దం కంటె 65 శాతం ఎక్కువ వేగంతో జరిగిందని, ఖాట్మండు కేంద్రంగా పనిచేసే సమగ్ర పర్వతాభివృద్ధి అంతర్జాతీయ కేంద్రం 2023 నివేదికలో పేర్కొన్నది.

ఈ పరిస్థితికి ఒక సమాధానం చెవాంగ్ నోర్ఫెల్ అనే సివిల్ ఇంజినీరు చూపారు. చలికాలంలో గడ్డకట్టకుండా ఉండేందుకు వదిలేసిన కుళాయి నీరు చెట్టు నీడలో మంచుగా పేరుకోవడం ఆయన ఆలోచనకు మూలమని ప్రసిద్ధి. పారే వాగు గడ్డకట్టదు. నీటి వేగం తగ్గి, పొర పలచనై, నీడ దొరికితే అదే నీరు గడ్డకడుతుంది. 1980ల చివరి నుంచి ఆయన గ్రామస్థుల శ్రమతో వాగు నీటిని కొండ నీడ వైపునకు కాలువల ద్వారా మళ్లించి, రాతి అడ్డుకట్టల వెనుక పొరలు పొరలుగా పేరుకునే ఏర్పాటు చేశారు. ఈ నిల్వలు సహజ హిమానీనదాల కంటె తక్కువ ఎత్తులో ఉంటాయి కాబట్టి ముందుగానే, విత్తే అదనుకే కరుగుతాయి. 2015లో ఆయనకు పద్మశ్రీ లభించింది. 2013–14 చలికాలం నుంచి సోనమ్ వాంగ్‌చుక్, ఆయన సహచరులు మరొక పద్ధతిని రూపొందించారు. ఎత్తు నుంచి గొట్టాల ద్వారా వచ్చే నీరు తన ఒత్తిడితోనే పైకి చిమ్మి, చలిగాలిలో గడ్డకట్టి శంకువు ఆకారంలో పేరుకుంటుంది. నిలువుగా ఉన్న మంచు మీద ఎండ పడే వైశాల్యం తక్కువ, కనుక అది ఆలస్యంగా కరుగుతుంది. ఆకారాన్ని బట్టి దీనిని ‘మంచు స్తూపం’ అన్నారు.

ఈ పనుల వెనుక అంతకంటె పాతదైన ఒక సామాజిక వ్యవస్థ ఉంది. లద్దాఖ్ గ్రామాల్లో నీటి వంతులు చూసే వ్యక్తిని ‘చుర్పోన్’ అంటారు. ఎవరి మడికి ఎంతసేపు నీరు పారాలి, కాలువ మరమ్మతుకు ఏ ఇంటి నుంచి ఎవరు రావాలి అన్నవి అతడి పర్యవేక్షణలో సాగుతాయి. తెలంగాణ చెరువుల కింద నీరటికాడు, రాయలసీమలో నీరుగంటి చేసిన పని ఇటువంటిదే. పొరుగునే ఉన్న బాల్టిస్తాన్‌లో హిమానీనదాలకు ‘పెళ్లి’ చేసే ఆచారం ఉంది. రాళ్లు, మట్టి కప్పిన నల్లని హిమానీనదాన్ని పురుషునిగా, తెల్లగా మెరిసే దానిని స్త్రీగా భావించి, రెండింటి మంచునూ మోసుకొనిపోయి ఎత్తయిన నీడ చోట పూడ్చిపెడతారు. ఆ జంటకు కొత్త హిమానీనదం పుడుతుందని విశ్వాసం. హిమానీనదం ఆ సమాజాలకు కేవలం వనరు కాదు. వంశం కలిగినది, పోషణ కోరేది, మనిషితో బంధుత్వం ఉన్నది.

ఈ నిల్వలను ‘కృత్రిమ హిమానీనదాలు’ అనడం సరికాదని, ‘మంచు జలాశయాలు’ అనడమే యుక్తమని కొందరు పరిశోధకులు వాదించారు. ఈ అభ్యంతరం నైతికంగానూ విలువైనది. హిమానీనదం శతాబ్దాల హిమపాతం అణగి ఏర్పడినది. చలికాలంలో పేర్చిన మంచు వేసవికి పోతుంది. ఆ ఏటి నీటిని కొన్ని నెలలు ఆపడమే అది చేయగలిగినది. పైనున్న హిమానీనదం పూర్తిగా పోతే గడ్డకట్టించడానికి తగినంత నీరే ఉండకపోవచ్చు. పనిచేసేవారికి ఈ పరిమితి తెలియనిది కాదు. కనుక వారి కార్యాచరణను విలువకట్టేటప్పుడు ‘అది హిమానీనదాలను కాపాడుతున్నది’ అన్న మాట ఆధారం కాజాలదు.

అల్పత్వ వాదం

మరి దేని మీద ఆధారపడి విలువకట్టాలి? ఈ ప్రశ్నకు ఎదురయ్యే మొదటి వాదాన్ని అల్పత్వ వాదం అనవచ్చు. ఒక వ్యక్తి చేసినా, మానినా ఫలితంలో తేడా కనిపించనప్పుడు అతడికి ఆ విషయంలో విధి ఉన్నదని చెప్పడం కష్టమని ఈ వాదం. అమెరికన్ తత్త్వవేత్త వాల్టర్ సిన్నాట్-ఆర్మ్‌స్ట్రాంగ్ 2005లో, సరదాకోసం ఆదివారం కారు నడపడం ఒక్కటే భూతాపానికి కారణమని నిరూపించడం సాధ్యం కాదని, అది తప్పని చెప్పగల నైతిక సూత్రం కనిపించదని వాదించారు. అయితే ఆయన అక్కడితో ఆగలేదు. ప్రభుత్వాలు చర్య తీసుకోవాలనీ, అందుకోసం పౌరులు పూనుకోవాలనీ కూడా అన్నారు.

దీనికి ఎదురుగా నిలిచేది డెరెక్ పార్ఫిట్ 1984లో ప్రకటించిన గ్రంథంలోని వాదం. వెయ్యిమంది హింసకులు ఒక్కొక్కరు ఒక్కో మీట నొక్కుతారు. ఒక్కొక్క మీట వల్ల బాధితులకు పెరిగే నొప్పి వారికే తెలియనంత స్వల్పం. వెయ్యి మీటల మొత్తం మాత్రం ఘోరమైన హింస. ప్రతి ఒక్కరూ ‘నా వల్ల ఏమీ కాలేదు’ అనుకుంటే హింస జరిగింది కాని హింసకుడు లేడని చెప్పవలసి వస్తుంది. అది అసంగతం. కనుక ఒక పని మంచిచెడ్డలను విడిగా దాని ఫలితంతోనే తూచడం పొరపాటని పార్ఫిట్ అభిప్రాయం.

తెలుగు సామెత ఈ సంగతిని ఎప్పుడో గుర్తించింది: ‘అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం’. నష్టం ప్రత్యక్షం, కర్త అదృశ్యం. అయితే సామెతలో ఒక ఊహ దాగి ఉంది. అనుమానితులందరూ సమానులని, ఎవరు ఎన్ని తిన్నదీ తేల్చలేమని ఆ ఊహ. వాతావరణం విషయంలో ఇది నిజం కాదు. ఇప్పటిదాకా మానవజాతి గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు అమెరికాది. జనాభాలో ప్రపంచంలో ఆరో వంతుకు పైగా ఉన్న భారతదేశానిది 3 నుంచి 4 శాతం మధ్య. రొయ్యల లెక్క తెలుసు. అందరినీ సమంగా అనుమానించడం ఇక్కడ న్యాయంలా కనిపించే అన్యాయం.

కాబట్టి అల్పత్వ వాదానికి సమాధానం రెండు భాగాలుగా ఉండాలి. ఫలితం అల్పమైనంత మాత్రాన పని నిరర్థకం కాదు. అలాగని అల్పమైన వాటా ఉన్నవాడి పనినీ, అధికమైన వాటా ఉన్నవాడి పనినీ ఒకే తూకంలో వేయడమూ తగదు. అధిక వాటాదారు తన ఇంట్లో దీపం ఆర్పడం తన తప్పులో కొంత తగ్గించుకోవడం. అల్ప వాటాదారు చలిలో కాలువ మళ్లించడం ఇతరుల తప్పు తన మీద పడగా దానిని మోయడం. రెండింటినీ ‘చిన్న పని’ అని ఒకే పేరుతో పిలిచినప్పుడు ఈ తేడా కనుమరుగవుతుంది.

ఋణభావన, సంతానభావన

ఫలం చేతిలో లేని పనికి విలువ ఎక్కడిదన్న ప్రశ్న భారతీయ చింతనకు కొత్తది కాదు. భగవద్గీతలోని నిష్కామకర్మ భావనను ఈ సందర్భంలో తరచు స్మరిస్తారు. కాని ఫలాపేక్ష విడవడానికీ, ఫలచింతనే విడవడానికీ భేదం ఉంది. విత్తనం మొలవాలా వద్దా అన్న చింత లేని రైతు ఉండడు. లద్దాఖ్ రైతు చేసేది ఫలం పట్ల ఉదాసీనమైన కర్మ కాదు. అది ఆ ఏటి బార్లీ కోసం చేసే పని. గీతలోనే ఉన్న లోకసంగ్రహ భావన, అంటే లోకం చెదరకుండా కలిపి ఉంచడం, ఈ పనికి మరింత దగ్గరగా ఉంటుంది. కాలువ తవ్వకం నీటిని మాత్రమే కాక ఊరిని కూడా కలిపి ఉంచుతుంది.

ఇంతకంటె లోతైనది ఋణభావన. మనిషి ఋణాలతోనే పుడతాడని వైదిక సంప్రదాయం చెబుతుంది. ఋషిఋణం అధ్యయనంతో, దేవఋణం యజ్ఞంతో, పితృఋణం సంతానంతో తీరుతుంది. వెనుకటివారికి ఉన్న ఋణం ముందుతరానికి చెల్లించడం ద్వారా తీరడం ఇందులో గమనించదగినది. దీనికి తోడుగా తెలుగు సాహిత్య, శాసన సంప్రదాయాల్లో సుపరిచితమైన సప్తసంతాన భావనలో పుత్రునితోపాటు తటాకం, వనం, దేవాలయం, ప్రబంధం వంటివి కూడా సంతానాలే. చెరువు తవ్వించినవాడు దాని నీటిని పూర్తిగా తాగడు. తాను చూడని మనుషుల దాహం కోసం తవ్విస్తాడు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను పేర్కొన్నది. పుణ్యకార్యంగా భావించిన పనికి లక్షణశాస్త్రం, దోషవిచారం అవసరమని ఆ శాసనకర్తలు గుర్తించారు. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన కట్ట నిలవదు.

జర్మన్ తత్త్వవేత్త హన్స్ యోనాస్ 1979లో ప్రతిపాదించిన బాధ్యతా సూత్రం సారం కూడా దీనికి సమీపంలోనే ఉంటుంది. మనిషి శక్తి సుదూర భవిష్యత్తును మార్చగలిగినంత పెరిగింది కాబట్టి అతడి బాధ్యత కూడా అంత దూరం సాగాలని ఆయన వాదన. సప్తసంతానభావన కలిగినవారికి ఇది అపరిచితంగా తోచదు. అయితే యోనాస్ చింతన శక్తి నుంచి మొదలవుతుంది. శక్తి ఉన్నవాడికే బాధ్యత. ఋణభావన జన్మ నుంచి మొదలవుతుంది. పుట్టిన ప్రతివాడికీ బాధ్యత. ఈ వ్యత్యాసమే ఋణభావనకు బలం, బలహీనత కూడా. అందరినీ బాధ్యులను చేయడం దాని బలం. అందరినీ ఒకే విధంగా బాధ్యులను చేయడం దాని బలహీనత.

ఋణం నుంచి బాకీకి

తెలుగు వాడుకలో ‘ఋణం’, ‘బాకీ’ పర్యాయపదాలుగా కనిపించినా వాటి ప్రవర్తన వేరు. ‘మీకు ఋణపడి ఉన్నాం’ అనేది కృతజ్ఞతావాక్యం. అది అన్నవారి సంస్కారాన్ని చాటుతుంది, చెల్లింపు తేదీని చెప్పదు. ‘ఋణానుబంధం’ అన్నప్పుడు అప్పు ఏకంగా ఆత్మీయతగా మారుతుంది. ‘మీకు బాకీ ఉన్నాం’ అనేది ఒప్పుకోలు. అరబ్బీ నుంచి పారశీక, ఉర్దూల మీదుగా పద్దుపుస్తకాల ద్వారా తెలుగులో స్థిరపడిన ఈ మాటకు ‘మిగిలినది’ అని మూలార్థం. బాకీకి పద్దు ఉంటుంది. అందులో పేర్లు, మొత్తం, గడువు ఉంటాయి. ఋణానికి నమస్కారం చాలవచ్చు. బాకీకి చాలదు.

లద్దాఖ్ పల్లెల కృషి గురించి దేశ, అంతర్జాతీయ వేదికల మీద వినిపించే మాట ప్రధానంగా ఋణభాషలో ఉంటుంది. వారి ఓర్పు, సూక్ష్మబుద్ధి, ప్రకృతితో వారి సామరస్యం ప్రశంసలందుకుంటాయి. ఆ ప్రశంసలో అసత్యం లేదు. కాని నష్టానికి కారకులైనవారే నష్టపోయినవాడి ఓర్పును మెచ్చుకున్నప్పుడు ఆ మెప్పు ఒక తప్పించుకోలు అవుతుంది. దెబ్బ తిన్నవాడు లేచి నిలబడడం ఎంత గొప్పగా కనిపిస్తే, దెబ్బ కొట్టిందెవరన్న ప్రశ్న అంత వెనుకబడుతుంది. పొరుగువాడి గోడ కూల్చినవాడు, దానిని అతడు మళ్లీ కట్టుకుంటుంటే పనితనాన్ని పొగడడం మర్యాద అనిపించుకోదు.

ఋణాన్ని బాకీగా మార్చి అడిగిన సందర్భం ఒకటి పెరూ దేశం నుంచి ఉంది. ఆండీస్ పర్వతాల్లోని హువారాజ్ పట్టణానికి ఎగువన ఉన్న పాల్కాకోచా సరస్సు 1941లో గట్టు తెగి పట్టణాన్ని ముంచెత్తినప్పుడు కనీసం 1,800 మంది మరణించారు. హిమానీనదం కరిగి ఆ సరస్సు మళ్లీ నిండింది. అక్కడి రైతు, పర్వత మార్గదర్శి సావూల్ లూసియానో ల్యూయా 2015లో జర్మనీకి చెందిన ఆర్‌డబ్ల్యుఇ అనే విద్యుత్ సంస్థపై ఆ దేశపు న్యాయస్థానంలోనే దావా వేశారు. పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి ప్రపంచం వదిలిన వాయువుల్లో ఆ సంస్థ వాటా 0.47 శాతమన్న అంచనాను ఆధారంగా చేసుకొని, వరద నివారణ ఖర్చులో అంతే వాటా, సుమారు 17,000 యూరోలు, భరించాలని కోరారు. 2025 మే 28న హామ్ నగర ఉన్నత న్యాయస్థానం, ఆయన ఇంటికి ఉన్న ప్రమాదం తగినంత ఆసన్నం కాదని దావాను కొట్టివేసింది. అయితే భారీగా వాయువులను వదిలే సంస్థలను, నష్టం దూరదేశంలో జరిగినా, బాధ్యులుగా నిలబెట్టడం సూత్రరీత్యా సాధ్యమేనని అంగీకరించింది. అడిగిన సొమ్ము రాలేదు. కాని బాకీ పద్దు ఉండగలదని న్యాయస్థానం ఒప్పుకున్నది. సిన్నాట్-ఆర్మ్‌స్ట్రాంగ్ వాదంలో అదృశ్యమైన కర్త ఇక్కడ 0.47 శాతంగా కనిపించాడు.

అభ్యంతరాలు

ఈ వాదానికి రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, బాకీ భాష బాధితుని దృష్టిని బయటికి మళ్లించి స్థానిక బాధ్యతను మరుగుపరుస్తుందని. ఇందులో కొంత నిజం ఉంది. హిమాలయాల మంచు మీద పడి దానిని త్వరగా కరిగించే మసిలో సింధు–గంగా మైదానపు పొయ్యిలు, ఇటుక బట్టీలు, వాహనాల వాటా గణనీయం. లేహ్‌లో నీటి వాడకాన్ని పెంచిన పర్యాటకుల్లో తెలుగు రాష్ట్రాల యాత్రికులూ ఉన్నారు. పై ఊరు చలికాలంలో నిలవచేసుకున్న నీరు కింది ఊరి వాటా నుంచి తీసినదా అన్న వివాదం తలెత్తే అవకాశమూ ఉంది. కాని పద్దు రాయడం మొదలుపెడితే ఇవన్నీ అందులో చేరక తప్పదు. పద్దు ఒకవైపే చూడదు. భారతీయ మధ్యతరగతి తన దేశపు సగటు వెనుక దాగడానికి కూడా అది ఒప్పుకోదు. ఋణభాష సామూహిక నమస్కారంతో అందరినీ వదిలిపెడుతుంది. బాకీ భాష ఎవరిది ఎంత అని అడుగుతుంది.

రెండవది, హిమానీనదాన్ని బంధువుగా చూసే సమాజపు భావనను జమాఖర్చుల భాషలోకి దింపడం దానిని చిన్నబుచ్చడమని. ఇది మరింత బరువైన అభ్యంతరం. కరిగిపోయిన హిమానీనదానికి వెల లేదు. ఏ పరిహారమూ దానిని తిరిగి తేలేదు. అయితే తిరిగి తేలేని నష్టానికి పరిహారం అక్కరలేదన్నది ఏ ధర్మశాస్త్రమూ ఒప్పుకోదు. ప్రాణం పోయినచోట చెల్లించే పరిహారం ప్రాణానికి వెల కాదు, తప్పు జరిగిందన్న ఒప్పుకోలు. ఋణం, బాకీ పరస్పరం తొలగించుకునే భావనలు కావు. మనిషికి హిమానీనదంతో ఉన్నది ఋణసంబంధం. దానిని కరిగించినవారికి, దాని నీటితో బతికేవారితో ఉన్నది బాకీ సంబంధం. రెండవదాన్ని మొదటిదాని పేరుతో పిలవడమే పొరపాటు.

అమెరికన్ రాజనీతి తాత్త్వికురాలు ఐరిస్ మరియన్ యంగ్ చేసిన విభజన ఇక్కడ సహాయపడుతుంది. గతంలో జరిగినదానికి దోషిని నిర్ణయించే బాధ్యత వేరు, అన్యాయాన్ని పుట్టించే వ్యవస్థలో భాగస్వాములైనవారందరూ దానిని మార్చడానికి కలిసి వహించవలసిన బాధ్యత వేరు అని ఆమె ప్రతిపాదన. బాధితులకు కూడా రెండవ రకం బాధ్యతలో పాలు ఉంటుందని ఆమె అన్నారు. కాని వారి పాలు ప్రధానంగా అన్యాయాన్ని ఎత్తిచూపడం, మార్పు కోరడం. మరమ్మతు భారమంతా మోయడం కాదు. 2024 మార్చిలో సోనమ్ వాంగ్‌చుక్ లేహ్‌లో 21 రోజులు నిరాహారదీక్ష చేసి, లద్దాఖ్‌కు రాజ్యాంగంలోని ఆరో షెడ్యూలు రక్షణలు కోరినప్పుడు మంచు స్తూపానికీ, ఆ దీక్షకూ సంబంధమేమిటని సందేహించినవారు ఉండవచ్చు. ఈ విచారణ దృష్ట్యా రెండూ ఒకే పనికి రెండు ముఖాలు. నీటిని నిలవచేసే చేతికి, ఆ నేల మీద ఏమి జరగాలో చెప్పే అధికారం కూడా ఉండాలన్నది ఆ కోరిక.

ముగింపు

సామాన్యుని దైనందిన కార్యాచరణకు విలువ అది కాపాడిన మంచు పరిమాణంలో లేదు. తనకు తెలిసినదానికి తన చేతనైన జవాబు చెప్పడంలో ఉంది. ఆ జవాబు సత్యంగా నిలవాలంటే తన పరిమితిని దాచకూడదు, కింది ఊరి వాటాను మింగకూడదు, అసలు బాకీదారును మరవనివ్వకూడదు. పోరుమామిళ్ల శాసనం చెరువుకు దోషాలు చెప్పినట్లే పర్యావరణ కార్యాచరణకూ దోషవిచారం అవసరం. బాకీ అడగడం మానిన సేవ అటువంటి దోషాల్లో ఒకటి.

తెలుగు విమర్శలో పర్యావరణ స్పృహను గురించిన చర్చ ఎక్కువగా ప్రకృతి పట్ల ఆత్మీయత, వియోగం, శోకం అనే భావాల చుట్టూ సాగుతున్నది. అవి అవసరమే. వాటితోపాటు పద్దుపుస్తకపు పదజాలాన్ని కూడా విమర్శ పరికరంగా స్వీకరించినప్పుడు, ఒక రచన నష్టపోయినవారి ఓర్పును కీర్తించి ఊరుకుంటున్నదా, బాకీదారుని పేరు పలుకుతున్నదా అని అడగడం సాధ్యమవుతుంది. ఐక్యరాజ్యసమితి 2025ను హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించింది. సంవత్సరం ముగిసింది, హిమానీనదాల క్షయం ముగియలేదు. చలి మొదలైనప్పుడు లద్దాఖ్ పల్లెల్లో మళ్లీ గొట్టాలు కలుపుతారు, అడ్డుకట్టలు సరిచేస్తారు. అది వారు నేలకు తీర్చుకుంటున్న ఋణం. వారికి రావలసిన బాకీ పద్దులో అలాగే నిలిచి ఉంది.